ఎనిమిది కాళ్లున్నంతనే సాలెపురుగు కాదు



చెమ్మగల చోట రాయి దొర్లించినప్పుడు, అడవిలో చెట్టు మోదున, కందిగింజవంటి చిన్న ఒంటికి వెండ్రుకలవలె సన్నని కాళ్లు ఎనిమిది గల జీవి కనబడుట కలదు. చూచినవారు దానిని సాలెపురుగని పొరబడుదురు. ఆంగ్లములో దీనిని హార్వెస్ట్‌మన్, అనగా కోతగాడు అందురు.

గుర్తించు విధము: సాలెపురుగు ఒడలు సన్నని నడుముతో రెండు భాగములుగా నుండును. కోతగాని ఒడలు ఒకే ముద్ద. సాలెపురుగులలో పెక్కింటికి ఎనిమిది కన్నులు. దీనికి సాధారణముగా రెండే. ఇది దారము తీయదు, గూడు అల్లదు, దీనికి విషము లేదు. ఇంటి మూలలలో గూటికి వ్రేలాడు పొడుగుకాళ్ల జీవి మాత్రము సాలెపురుగే. కోతగాని పట్టుకొనిన కాలు విడిచి పారిపోవును. ఆ కాలు మరల మొలవదు.

వర్గీకరణ: సాలెపురుగు, తేలు, నల్లి, గోమారి, కోతగాడు, ఇవన్నియు అరాక్నిడా అను ఒకే తరగతికి చెందినవి. అందు కోతగాండ్రది ఓపిలియోనిస్ అను క్రమము. స్వీడన్ శాస్త్రజ్ఞుడు సుండెవాల్ 1833లో ఈ పేరు పెట్టెను. నేటివరకు 6,500కు పైగా జాతులు గుర్తింపబడినవి. జీవించియున్న వానిలో నాలుగు ఉపక్రమములు కలవు:

1. సైఫాఫ్తాల్మై: నల్లివలె మిక్కిలి చిన్నవి, రాలిన ఆకుల క్రింద నుండును.
2. యూప్నాయ్: పొడుగుకాళ్లవి పెక్కు ఇందులోనివే.
3. డిస్‌ప్నాయ్: ఎక్కువగా ఉత్తరపు చల్లని దేశములవి, కొన్ని నత్తలను తినును.
4. లానియాటోరిస్: అన్నిటికంటె పెద్దది, 4,000కు పైగా జాతులు. ఉష్ణదేశపు అడవులలో హెచ్చు.

ఇది తెలిసిన లాభమేమి? అమెరికాలో కోతగాండ్రు పేనుబంకను, బంగాళదుంప పైరుపై పెంకుపురుగు గ్రుడ్లను తినుచున్నవి. మన వరిచేలలో సాలెపురుగులు సుడిదోమను తినుచున్నవి. అదే తరగతికి చెందిన ఎర్రనల్లియో, మిరప, వంగ మొదలగు పైరుల రసము పీల్చును. ఒకే ఇంటివారిలో మిత్రులును శత్రువులును గలరన్నమాట!

కనుక ఎనిమిది కాళ్లు చూచినంతనే మందు చల్లరాదు. వరిలో దుబ్బుల మొదళ్లు విడదీసి, దోమలను, సాలెపురుగులను వేరువేరుగ లెక్కింపుడు. దోమ సిఫారసు చేసిన హద్దు దాటినప్పుడే మందు వాడవలెను. అనవసరముగా చల్లిన మందు ముందు మిత్రులనే చంపును. పిదప దోమ మరింత పెరుగును.