అసలూ నకలూ: అజంతా బొమ్మలు, జపాను తెరలు, మన హైటెక్ సిటీ

గత సంవత్సరం దసరా సెలవులకు ముందు మా బాపు ఏదో పనిమీద హైదరాబాదు వచ్చినప్పుడు ఒక పూట ఖాళీ దొరికింది. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియానికి తీసుకుపోయాను. అక్కడికి పోయేవాళ్ళలో చాలామంది ఈజిప్టు మమ్మీని చూసి, బయట పల్లీలు కొనుక్కుని వెళ్ళిపోతారు. మేమూ మమ్మీనే ముందు చూశాం. తర్వాత అజంతా చిత్రాల నకళ్ళ దగ్గరికి వచ్చాం. బాపు అక్కడ చాలాసేపు నిలబడి, చివరికి నన్ను అడిగాడు.

"ఇవి అసలువా, నకళ్ళా?"

"నకళ్ళే బాపూ. అసలువి అజంతా గుహల్లో ఉన్నయి."

"మరి నకళ్ళను ఇంత భద్రంగ ఎందుకు పెట్టిండ్రు?"

నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని. ఫిజిక్సు నా సబ్జెక్టు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. లైబ్రరీలో కొంత, లెక్కలు వేసుకుని కొంత తెలుసుకున్నది ఈ వ్యాసంలో మిత్రుల ముందు పెడుతున్నాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో 'నకలు' అనేది చిన్న మాట కాదు. మా తాత పేరుమీద మూడెకరాల చిల్లర భూమి. ఆ భూమి అసలు రికార్డు ఒక కార్యాలయంలో వానకు తడిసి, చెదలు పట్టి పోయింది. గట్టు తగాదా వచ్చిన రోజున మా దగ్గర మిగిలింది తాత ఎప్పుడో తీయించి ట్రంకుపెట్టెలో దాచిన పహాణీ నకలు ఒక్కటే. చేత్తో రాసింది. అందులో మా ముత్తాత పేరు ఒక అక్షరం తప్పు పడింది, ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి బాపు రెండేండ్లు తిరిగాడు. కాని ఆ కాగితం చెల్లింది. ఎందుకు చెల్లిందంటే దానిమీద ముద్ర ఉంది, తేదీ ఉంది, రాసినవాడి పేరుంది. కనుక నకలంటే దొంగసరుకు అనే అభిప్రాయం మా ఇంట్లో ఎవరికీ లేదు. అసలు పోయిననాడు సాక్ష్యం చెప్పేది అదే.

అజంతా విషయంలోనూ ఇదే జరిగింది. 1819లో జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి వేటకు వచ్చి ఆ గుహలను చూశాడు. తర్వాత మద్రాసు సైన్యంలోని రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏండ్ల తరబడి అక్కడే కూర్చుని చిత్రాలకు నకళ్ళు తీశాడు. వాటిని లండను పంపారు. 1866లో క్రిస్టల్ ప్యాలెస్‌లో మంటలు లేచి దాదాపు అన్నీ కాలిపోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూలు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872లో మళ్ళీ మొదలుపెట్టి పదమూడేండ్లు తీయించాడు. అవీ లండనుకే పోయాయి, 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో కొంత భాగం అవీ కాలాయి. కొండల్లో వెయ్యేండ్లకు పైగా నిలిచిన చిత్రాలకు, పట్నం చేరిన నకళ్ళలో ఎన్నో ఇరవై ఏండ్లు దక్కలేదన్నమాట!

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోది. 1914లో హైదరాబాదు పురావస్తు శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ దానికి అధిపతి. ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి 1920-22 మధ్య ఊడిపోతున్న పూతను గోడకు అతికించే పని చేయించారు. యజ్దానీ రాసిన అజంతా గ్రంథం 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వెలువడింది. అంతకుముందే 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ నకళ్ళు తీయడానికి వచ్చినప్పుడు ఆమె బృందంలో కలకత్తా నుంచి నందలాల్ బోసు వంటివారు, మన హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ ఉన్నారు. మా బాపు నిలబడి చూసిన నకళ్ళు ఆ సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ వేసినవే.

ఆ గోడల సంగతి చదువుతుంటే నాకు మా ఇల్లే గుర్తుకొచ్చింది. రాతిమీద మట్టిలో వరిఊక, గడ్డిపీచు కలిపి మెత్తారు. దానిమీద పలచగా తెల్లపూత. ఆరిన తర్వాత జిగురు కలిపిన రంగులతో బొమ్మ. మా పాత ఇంటి గోడకు నాయనమ్మ మెత్తిందీ ఇంచుమించు అదే మట్టి. అలాంటి గోడకు చెమ్మ తగిలితే ఏమవుతుందో రైతు బిడ్డకు వేరే చెప్పనక్కరలేదు. పురుగు ఊకను తింటుంది, పెచ్చు లేస్తుంది, లేచిన పెచ్చు ఒకనాడు రాలుతుంది. పైగా చిత్రాలు మెరవాలని, నిలవాలని వెనకటివాళ్ళు పూసిన వార్నిషు, లక్క కాలక్రమాన పసుపుబారి, అడుగున ఉన్న రంగులనే మార్చి చూపింది. కాబట్టి వందేండ్ల కిందటి నకలు కేవలం బొమ్మకు బొమ్మ కాదు. ఆనాడు గోడమీద ఏముందో చెప్పే పహాణీ.

ఇక జపాను సంగతి. అరాయ్ కంపో అనే జపాను చిత్రకారుడు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశం వచ్చి అజంతాలో నకళ్ళు తీసుకున్నాడు. అదే మనిషి చివరి రోజుల్లో తన దేశంలోని హోర్యూజీ అనే ఆలయంలో నకళ్ళు తీసే పనిలో ఉన్నాడు. ఆ ఆలయం స్వర్ణమందిరంలో సుమారు పదమూడు వందల ఏండ్లనాటి గోడచిత్రాలుండేవి. పండితులు వాటిని తరచు అజంతాతో పోలుస్తారు. 1940లో నకళ్ళు తీయడం మొదలైంది. కంపో 1945లో చనిపోయాడు, పని మాత్రం సాగుతూనే ఉంది. 1949 జనవరి 26 తెల్లవారుజామున మందిరానికి నిప్పంటుకుని గోడచిత్రాలు మాడిపోయాయి. నకళ్ళు తీసేవాళ్ళు చలికి వాడుకున్న కరెంటు హీటరే కారణమని చాలామంది అనుమానం. కాపాడడానికి పోయినవాళ్ళ చేతుల్లోనే పోయిందేమోనన్న ఆ అనుమానం తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అదృష్టవశాత్తూ 1935లోనే క్యోటోకు చెందిన బెన్రిదో సంస్థవారు పెద్ద గాజు పలకలమీద ఆ గోడలను నిలువెత్తున ఫోటోలు తీసి ఉంచారు. వాటి ఆధారంగానే 1967-68లో చిత్రకారులు మళ్ళీ బొమ్మలు వేసి గోడలకు అమర్చారు. ఈ అగ్నిప్రమాదం తర్వాతే, 1950లో, జపాను తన సాంస్కృతిక సంపద రక్షణ చట్టాన్ని తెచ్చింది.

గోడచిత్రాలకు నిప్పు భయమైతే, పట్టుమీద, కాగితంమీద వేసిన చిత్రాలకు వెలుతురే భయం. దీన్ని లెక్కకట్టి చూద్దాం. వెలుతురు చేసే నష్టం కూడుతూ పోయేదే గాని రాత్రి చీకట్లో తగ్గేది కాదు. అందుకే మ్యూజియంవాళ్ళు దాన్ని లక్సు-గంటల్లో కొలుస్తారు. సున్నితమైన చిత్రానికి 50 లక్సుల మసక వెలుతురే ఇస్తారు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు చూపిస్తే 1,20,000 లక్సు-గంటలు. మన మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు ఒక లక్ష లక్సులు. అంటే ఏడాది పొడుగునా మసక గదిలో పెట్టినా, గంటంపావు ఎండలో ఆరబెట్టినంత వెలుతురు దానిమీద పడ్డట్టే లెక్క. కళ్ళంలో ఎక్కువ రోజులు వదిలేసిన మిరపకాయ తెల్లబారడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకని జపానువారు జాతీయ సంపదగా గుర్తించిన చిత్రాలను ఏడాదికి 60 రోజులకు మించి బయట పెట్టకూడదని నియమం పెట్టుకున్నారు. మిగతా మూడువందల రోజులు అవి పెట్టెలో చీకట్లో ఉంటాయి. చూడవచ్చినవాడి గతి ఏమిటి? 2007 నుంచి కానన్ కంపెనీ, క్యోటోలోని ఒక సాంస్కృతిక సంఘం కలిసి మడత తెరలకు అతి సూక్ష్మమైన ఫోటోలు తీసి, నిలువెత్తు ప్రతులు అచ్చువేసి ఇస్తున్నాయి. సోతాత్సు వేసిన గాలిదేవుడు, ఉరుముదేవుడు తెర అసలుది క్యోటో జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంటే, దాని సొంతదారైన కెన్నింజీ ఆలయంలో భక్తులు చూసేది ఇలాంటి ప్రతినే.

'సూక్ష్మమైన' అంటే ఎంత? మన కంటికి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనబడతాయి. 30 సెంటీమీటర్ల దూరానికి ఇది 0.087 మిల్లీమీటర్లు. మీటరున్నర ఎత్తు, 3.6 మీటర్ల పొడుగు తెరను ఆ లెక్కన చుక్కలుగా విడగొడితే నిలువున 17 వేల పైచిలుకు, అడ్డంగా 41 వేల పైచిలుకు, మొత్తం సుమారు 71 కోట్ల చుక్కలు. 5 కోట్ల చుక్కల కెమెరాతో తీస్తే, ఒక ఫోటో అంచు ఇంకోదానిమీద మూడోవంతు పడేటట్టు తీయాలి కాబట్టి, ముప్పైకి పైగా ఫోటోలు కలిపి కుట్టాలి. చెయ్యలేనిదేమీ కాదు.

చిక్కంతా రంగుల్లో ఉంది. మా పెద్దనాన్న కొడుకు మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేస్తాడు. ఒక ఆదివారం అతని గదికి పోయి ఈ లెక్కలన్నీ చెబుతుంటే అతను నవ్వి, "తమ్మీ, చుక్కలు ఎన్నయినా తెస్తం. నీలం నీలంగ తెచ్చుడే కష్టం" అన్నాడు. నిజమే. చీరల దుకాణంలో ట్యూబులైటు కింద సరిగ్గా కలిసిన జాకెట్టు గుడ్డ రోడ్డుమీదికి రాగానే వేరే రంగై కూర్చుంటుంది. మన కంటిలో రంగును పట్టే కణాలు మూడు రకాలే కనుక, వేరువేరు కిరణాల కలయికలు ఒక దీపం కింద ఒకే రంగుగా మోసం చేయగలవు, దీపం మారితే గుట్టు రట్టవుతుంది. అజంతా నీలం ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన రాయి పొడి. అచ్చు యంత్రం సిరా వేరే పదార్థం. బంగారమైతే మరీ కష్టం, అది రంగే కాదు, నడిచేవాడితోపాటు మెరుపు కదిలే అద్దం. అందుకే జపానువారు కూడా అచ్చు అయ్యాక బంగారు రేకును చేయి తిరిగిన పనివాళ్ళతోనే అద్దిస్తారు. యంత్రం మా ముత్తాత పేరు తప్పు రాయదు గాని, బంగారు రేకు అద్దడం దానికి చేతగాదు.

ఇప్పుడు నా అభిప్రాయం. కొందరు మిత్రులు నాతో వాదించారు, అచ్చుబొమ్మలు చూడడానికి మ్యూజియమెందుకు, సెల్‌ఫోన్ చాలదా అని. చాలదు. గోడంత బొమ్మ ముందు మనిషి ఎంత ఉంటాడో సెల్‌ఫోన్ చెప్పలేదు. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పటినుంచి హైటెక్ సిటీలో యంత్రాలకు, రంగులు కొలిచే తెరలకు, వాటిని నడిపే కుర్రవాళ్ళకు కొదవ లేదు. మాదాపూర్‌లోనే ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది. నాంపల్లిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరతాం. పబ్లిక్ గార్డెన్స్‌లోని నకళ్ళు కూడా ఇప్పుడు ముసలివే, వాటికీ వెలుతురు లెక్క వర్తిస్తుంది. వాటికి నిలువెత్తు ప్రతులు తీసి ఆ గ్యాలరీలోనో, రాయదుర్గం స్టేషనులోనో పెట్టాలని నా మనవి. పక్కనే అదే గోడ ఈనాటి ఫోటో కూడా అదే కొలతలో పెట్టాలి. సయ్యద్ అహ్మద్ చూసింది ఏది, మనకు మిగిలింది ఏది, మధ్యలో రాలిపోయింది ఎంత అనేది సాయంత్రం ఇంటికి పోయే ఉద్యోగి కూడా నిలబడి చూస్తాడు. ఒక షరతు మాత్రం ఉండాలి. ప్రతి బొమ్మ కింద ఇది నకలు అని, ఎవరు తీశారు, ఏ సంవత్సరం తీశారు అని పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ పట్టీ లేకపోతే నేనూ దాన్ని మోసమే అంటాను.

ఈ లెక్కలన్నీ సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. లక్సు-గంటల దగ్గర ఆవలించాడు గాని, ఊక కలిపిన మట్టిగోడ అనగానే లేచి కూర్చున్నాడు.

"ఊకనా? వరిఊకనేనా?"

"వరిఊకనే."

"అయితే గోడ చూడాలె గాని నకలు చూస్తె ఏం తెలుస్తది," అన్నాడు. యాసంగి కోతలయ్యాక ఇద్దరం ఔరంగాబాదు రైలెక్కాలని అనుకున్నాం. టికెట్లు నేనే తీయాలట.