చైనా లిపి – యంత్రయుగం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రాచీన సంస్కృతికీ నూతన సాంకేతిక విజ్ఞానానికీ నడుమ ఏర్పడే సంబంధం సరళమైనది కాదు. యంత్రం సంస్కృతిని దెబ్బతీయవచ్చు, కాపాడనూ వచ్చు. ఒక్కొక్కప్పుడు ఆ రెండు పనులూ ఏకకాలంలో చేయవచ్చు. చైనా లిపి చరిత్రను ఆధారంగా చేసుకొని ఈ సత్యాన్ని వివరించడమే ప్రస్తుత పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

ఒక జాతి తన జ్ఞాపకాలను భద్రపరచుకొనే భాండాగారం లిపి. కోటలు కూలిపోవచ్చు, రాజవంశాలు అంతరించవచ్చు; వ్రాసిన అక్షరం నిలిచి ఉన్నంతకాలం ఆ జాతి గతం వర్తమానంతో సంభాషిస్తూనే ఉంటుంది. ఇందుకు చైనా దేశం గొప్ప నిదర్శనం. హెనాన్ రాష్ట్రంలోని ఆన్‌యాంగ్ వద్ద తాబేటి చిప్పలపైనా పశువుల ఎముకలపైనా చెక్కిన అక్షరాలు లభించాయి. అవి మూడువేల సంవత్సరాలకు పూర్వం నాటివి. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకచ్ఛత్రం క్రిందికి తెచ్చిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి, ప్రాంతానికొక తీరుగా ఉన్న వ్రాతను ఏకరూపం చేయించాడు. ఒకరి మాట మరొకరికి తెలియని ప్రాంతాలవారు సైతం వ్రాత ద్వారా ఒకరినొకరు అర్థం చేసుకోగల మార్గం ఆ విధంగా సుస్థిరమైంది.

తెలుగు లిపి ధ్వనిని ఆశ్రయించినది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు నేర్చిన బాలుడు తాను వినని మాటను సైతం చదవగలడు. చైనా లిపి పద్ధతి వేరు. అందులో సాధారణంగా ఒక్కొక్క గుర్తు ఒక ఉచ్చారణకూ ఒక అర్థానికీ సంకేతం. సూర్యుని గుర్తు ప్రక్కన చంద్రుని గుర్తు చేరితే ‘వెలుగు’ అని అర్థం. చెట్టు ప్రక్కన మనిషి నిలిస్తే ‘విశ్రాంతి’. అయితే అత్యధిక సంఖ్యలో ఉన్నవి మరొక రకానికి చెందినవి. వాటిలో ఒక భాగం అర్థాన్ని సూచిస్తే, రెండవ భాగం ధ్వనిని సూచిస్తుంది. ‘తల్లి’ని తెలిపే గుర్తులో స్త్రీ గుర్తూ గుర్రం గుర్తూ కలిసి ఉంటాయి. గుర్రానికి తల్లితో పని లేదు. రెండు మాటలూ స్వరభేదంతో ‘మా’ అనే పలకడం వల్ల గుర్రం అక్కడ ధ్వనికి ఆధారమైంది. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువులో ఇటువంటి గుర్తులు 47,035 ఉన్నాయి. 2013లో చైనా ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8,105 ఉండగా, నిత్యవ్యవహారానికి ముఖ్యమైన మొదటి వర్గంలో 3,500 ఉన్నాయి.

ఇన్ని గుర్తులను గుర్తుంచుకొనేది కన్ను మాత్రమే కాదు, చేయి కూడా. ఏ గీత ముందు, ఏ గీత తరువాత అన్న క్రమం ప్రతి గుర్తుకూ ఉంది. మన పిల్లలు పలకపై ఓనమాలు దిద్దినట్లే, చైనా పిల్లలు ఎర్రని రంగులో అచ్చైన అక్షరాలపై నల్లని సిరాతో దిద్దుతారు. కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి అనే నాలుగింటినీ పండితుని గదిలోని నాలుగు నిధులుగా ఆ దేశీయులు గౌరవించారు. క్రీ.శ. 353లో వాంగ్ షీజీ వ్రాసిన ఒక పీఠిక, భావానికే కాక అక్షరాల సొగసుకూ పేరొంది నేటికీ ఆదర్శప్రాయంగా నిలిచింది. అక్షరపు ఒంపులో వ్రాసినవాని శీలం కనిపిస్తుందని చైనీయుల విశ్వాసం. ‘చేయి తిరిగినవాడు’ అన్న మన పలుకుబడి అక్కడి లేఖకునికి అక్షరాలా వర్తిస్తుంది.

ఇంతటి ఘనత గల లిపికి యంత్రయుగంలో పెద్ద ఆపద వచ్చింది. పాశ్చాత్య దేశాలలో పుట్టిన తంతి యంత్రం, టైపు యంత్రం ఇరువది ముప్పది అక్షరాల భాషలకు అనువైనవి. వేల గుర్తులున్న భాష వాటిలో ఇమడలేదు. తంతి పంపవలసి వస్తే ప్రతి గుర్తునూ నాలుగంకెల సంఖ్యగా మార్చి, అవతలివైపు ఆ సంఖ్యను మళ్ళీ గుర్తుగా మార్చుకొనవలసి వచ్చేది. టైపు యంత్రమైతే సుమారు రెండున్నర వేల సీసపు అచ్చులు పేర్చిన పళ్ళెంలో ఒక్కొక్కదానినీ వెదకి కొట్టవలసినది. దేశం వెనుకబడడానికి ఈ లిపియే కారణమని భావించిన మేధావులు ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఎందరో ఉన్నారు. సుప్రసిద్ధ రచయిత లూ షున్ సైతం పాత లిపిని విడిచి, ధ్వనిని అనుసరించే అక్షరమాలను స్వీకరించాలని వాదించినవాడే. తల్లిని కాపాడవలసిన బిడ్డలే ఆమెను ఇల్లు వెడలగొట్టవలెనని తలచిన విషాదఘట్టం అది.

ఆ లిపిని విడువకుండానే యంత్రాన్ని లొంగదీయవచ్చునని నమ్మినవారూ లేకపోలేదు. రచయిత లిన్ యుటాంగ్ 1947లో ఒక టైపు యంత్రాన్ని ప్రదర్శించాడు. దానిలో 72 మీటలు ఉన్నాయి. గుర్తులోని భాగాలను సూచించే మీటలు నొక్కితే, దానికి సరిపోయే గుర్తులు ఎనిమిది వరకు ఒక చిన్న గవాక్షంలో కనిపిస్తాయి. కావలసినదానిని ఎన్నుకొంటే అది అచ్చవుతుంది. ఈ యంత్రం విపణికి రాలేదు. దాని ఏకైక నమూనా దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి 2025లో న్యూయార్క్ రాష్ట్రంలో బయటపడింది. కాని మీట నొక్కి, కనిపించినవాటిలో ఒకదానిని ఎన్నుకొనే ఆ సూత్రమే తరువాత కంప్యూటరుకు ప్రాణమైంది.

అచ్చు రంగంలో మార్పు తెచ్చినవాడు పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ షువాన్. ప్రతి గుర్తునూ చుక్కల రూపంలో భద్రపరచడానికి నాటి కంప్యూటర్ల జ్ఞాపకశక్తి చాలదు. ఆయన గుర్తుల అంచురేఖలను గణితసూత్రాలతో సంక్షిప్తం చేసి, అచ్చువేసే సమయంలో తిరిగి పూర్ణరూపంలో వెలువడే మార్గం కనుగొన్నాడు. 1987లో ‘ఎకనమిక్ డైలీ’ పత్రిక సీసపు అచ్చులను విడిచి ఈ లేజరు పద్ధతిని చేపట్టింది. 2001వ సంవత్సరానికి దేశపు అత్యున్నత వైజ్ఞానిక పురస్కారం ఆయనకు లభించింది. 1983లో వాంగ్ యోంగ్‌మిన్ రూపొందించిన ‘వూబీ’ పద్ధతి వల్ల, ఎంతటి జటిలమైన గుర్తునైనా నాలుగు మీటలకు మించకుండా కొట్టడం సాధ్యమైంది.

కాలక్రమంలో అంతకంటె సులభమైన మార్గం ప్రజలకు నచ్చింది. ఉచ్చారణను రోమన్ అక్షరాలలో వ్రాసే ‘పిన్‌యిన్’ పద్ధతికి 1958లో ప్రభుత్వామోదం లభించింది. దాని రూపకల్పనలో ప్రముఖపాత్ర వహించిన జౌ యౌగ్వాంగ్ 1906లో జన్మించి 2017 వరకు జీవించి, తన కృషి ఫలాన్ని కన్నులారా చూడగలిగాడు. సెల్‌ఫోనులో ‘మా’ అనే ధ్వనిని కొట్టగానే తల్లి, జనపనార, గుర్రం, తిట్టు మొదలైన గుర్తులు వరుసగా నిలుస్తాయి. వ్రేలితో తాకితే కావలసిన గుర్తు చేరిపోతుంది. లిపికి మృత్యువని భయపడిన యంత్రమే దానికి ఆయువు పోసింది. దేశాన్ని వెనుకకు లాగుతున్నదని నిందపడిన ఆ లిపి నేడు కోట్లాది చేతులలోని తెరలపై వెలుగుతున్నది.

అయితే ఈ విజయానికి చెల్లించిన మూల్యం ఒకటుంది. ఎన్నుకొనడానికి గుర్తును చూచి పోల్చుకొంటే చాలు. గీతలన్నీ స్మరించి వ్రాయవలసిన పని లేదు. కంటికి తెలుసు, చేతికి తెలియదు. ‘కలం ఎత్తగానే అక్షరం మరచిపోవడం’ అనే పాత నానుడి చైనాలో నేటి విద్యావంతుల నిత్యానుభవమైంది. 2013లో చైనా కేంద్ర టెలివిజన్ విద్యార్థులకు అక్షరలేఖన పోటీలు నిర్వహించి ప్రసారం చేసింది. బాలబాలికలతో పాటు వ్రాసి చూచిన పెద్దలలో అనేకులు ‘గోదురుకప్ప’ వంటి వాడుక మాటను సైతం తప్పులేకుండా వ్రాయలేకపోయారు. ఆ మాట వారికి తెలియనిది కాదు, చదవలేనిదీ కాదు. దానిని వ్రాయవలసిన చేయే మరచిపోయింది.

ఈ నష్టాన్ని ఆ జాతి గుర్తించకపోలేదు. 2009లో చైనా లేఖనకళ యునెస్కో వారి అమూర్త వారసత్వ జాబితాలో చేరింది. 2011లో అక్కడి విద్యాశాఖ, మూడు నుండి ఆరు తరగతుల వరకు వారానికొక గంట కుంచెతో వ్రాత నేర్పాలని నిర్దేశించింది. నూతన సంవత్సర పర్వదినాన ఎర్రని కాగితంపై ‘శుభం’ అనే గుర్తును స్వయంగా వ్రాసి తలుపుకు అంటించే గృహస్థులు నేటికీ ఉన్నారు. అదే రోజున వారు పిల్లలకు ఇచ్చే ఎర్రని కవరులోని కానుక సెల్‌ఫోను ద్వారా చేరుతున్నది. ఒకే ఇంటిలో కుంచె, మీట కలిసి కాపురం చేస్తున్నాయి.

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. నేడు మన యువతీయువకులు తెలుగు మాటను రోమన్ అక్షరాలలో కొట్టి, తెరపై కనిపించిన తెలుగు రూపాలలో ఒకదానిని ఎన్నుకొంటున్నారు. కొందరు తెలుగు లిపి అవసరమే లేకుండా రోమన్ అక్షరాలతోనే సరిపెట్టుకొంటున్నారు. మన అక్షరాలు కొద్దిపాటివి కనుక మరపు అంత వేగంగా రాకపోవచ్చు. అయినా ఒత్తులు, వట్రసుడి, ణకార నకార భేదం చేతికి సందేహమవుతున్న జాడలు కనిపిస్తూనే ఉన్నాయి. యంత్రాన్ని తిరస్కరించడం ఇందుకు పరిష్కారం కాదు. యంత్రమే లేకుంటే చైనా లిపి ఏనాడో వస్తుప్రదర్శనశాలకు చేరి ఉండేది. యంత్రం అక్షరాన్ని దాచగలదు, క్షణంలో దూరదేశాలకు చేర్చగలదు. దానిని మనిషిలో నిలిపేది మాత్రం అభ్యాసమే. రోజుకొక పుట చేతితో వ్రాసే అలవాటును ఏ యంత్రమూ అడ్డగించదు. ఆ పుట వ్రాయడమో మానడమో మన చేతిలోనే ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

భాండాగారం : విలువైన వస్తువులను దాచే చోటు
ఏకచ్ఛత్రం : ఒకే పాలన
పీఠిక : ముందుమాట
గవాక్షం : కిటికీ
విపణి : అంగడి
జటిలం : చిక్కైనది
అమూర్తం : ఆకారం లేనిది

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. చైనా లిపికి యంత్రయుగంలో కలిగిన ఆపదను, అది ఆ ఆపదను దాటిన విధానాన్ని వివరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. తెలుగు లిపికీ చైనా లిపికీ గల భేదాన్ని తెలపండి.
2. ‘కంటికి తెలుసు, చేతికి తెలియదు’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పండితుని గదిలోని నాలుగు నిధులు ఏవి?
2. పిన్‌యిన్ పద్ధతికి ప్రభుత్వామోదం ఎప్పుడు లభించింది?