ఓటమికి కోచ్ ఒక్కరే కారణమా?

ప్రశ్న: మాది తిరుపతి. మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు మూడో క్వార్టర్ దాకా ముందుంటుంది, చివర్లో చేతులెత్తేస్తుంది. కోచ్ సారు ఎప్పుడూ ఆ ఐదుగురినే ఆడిస్తారు, టైమవుట్ అడగరు. చూసి చూసి విసుగొచ్చింది. ఆయన్ను మార్చమని ప్రిన్సిపాల్‌కు రాయమంటారా?
– ఓ అభిమాని

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. జట్టులో 12 మందిని పెట్టుకోవచ్చు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మన ఎండలో, సిమెంటు కోర్టు మీద 40 నిమిషాలూ అవే కాళ్లు పరిగెడితే ముందు చచ్చుబడేది డిఫెన్సే. అడుగు వెనకబడినవాడు చెయ్యి వేస్తాడు, ఫౌల్ అవుతుంది. ఒక క్వార్టర్లో జట్టు ఫౌల్స్ నాలుగు దాటాయా, డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కూ ఎదుటివాళ్లకు రెండేసి ఫ్రీ త్రోలు. ఆధిక్యం కరిగిపోయేది అక్కడే.

రెండో సగానికి మూడు టైమవుట్లుంటాయి. చివరి రెండు నిమిషాల్లో మాత్రం రెండింటికి మించి వాడనివ్వరు. అప్పటిదాకా దాచుకుంటే ఒకటి మురిగిపోయినట్టే.

అయితే ఒక సంగతి కనుక్కోండి. చాలా కాలేజీల్లో కోచ్ అంటే ఫిజికల్ డైరెక్టరే. కబడ్డీ, వాలీబాల్, పరుగుపందేలు అన్నీ ఆయన నెత్తినే. బెంచీ మీది పిల్లలకు ప్రాక్టీసే లేకపోతే ఎవరిని దించుతారు?

రాబోయే మ్యాచ్‌లలో ఎవరెన్ని నిమిషాలు ఆడారో, ఏ క్వార్టర్లో ఎన్ని ఫౌల్స్ అయ్యాయో, టైమవుట్ ఎప్పుడు తీసుకున్నారో రాసుకోండి. ఆ కాగితంతో మొదట ఆయన్నే కలవండి. ప్రిన్సిపాల్‌కు రాయాల్సివస్తే ఆయన్ను మార్చమని కాకుండా, ఎస్వీ యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలకు ముందు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో డిప్లొమా చేసిన కోచ్‌తో శిక్షణ శిబిరం పెట్టించమని అడగండి.