వాన సెలవు, ఇంటి నిండా పిల్లలు

2023 జులై చివరి వారంలో వానలకు బడులు మూసేశారు. జులై 27 పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక్క రోజులో అంత వాన తెలంగాణలో అంతకు ముందు ఎక్కడా నమోదు కాలేదు. అదే పొద్దున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఇలాంటి రోజుల్లో మొదటి సలహా అందరికీ తెలిసిందే. వాగు చూసొస్తామని, చెరువు మత్తడి దుంకుతుందట పోదామని పిల్లలు ఎంత బతిమాలినా కాలు బయట పెట్టనివ్వొద్దు.

అక్కడితో మీ పని సగమే అయింది. ఇంట్లో ఆపిన పిల్లలతో పొద్దు గడవాలి కదా. జనగామ జిల్లా లింగాల ఘనపూర్‌లో ఉన్నవాళ్లకు ఎంత లేదన్నా అరుగు ఉంటుంది, వసారా ఉంటుంది, పక్కింటి పిల్లలు ఉంటారు. బతుకుదెరువు కోసం అక్కడి నుంచి ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు పోయి రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నవాళ్లకు ఆ వీలు లేదు. హాలు నిండా ఆరని బట్టలు, కింద చప్పుడైతే ఫోన్ చేసే ఇంటి ఓనరు, ఉన్న ఒక్క ఫోను కోసం కొట్లాడుకునే అన్నాచెల్లెళ్లు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు ఒక గంట మీది

పిల్లలకు తోచడం లేదంటే కొత్త బొమ్మ కావాలనో, కొత్త యాప్ కావాలనో అనుకుంటాం. చాలాసార్లు వాళ్లకు కావలసింది పక్కన కూర్చుని మొదలుపెట్టించే పెద్దమనిషి. ముసురు రోజు పొద్దున ఒక్క గంట ఫోను పక్కన పెట్టి, కింద చాప వేసుకుని వాళ్లతో కూర్చోండి. ఆట గాడిన పడ్డాక మెల్లగా లేచి మీ పని చూసుకోండి. మిగతాది వాళ్లే లాక్కుపోతారు. రోజంతా వాళ్లను ఆడించాలని నడుం కడితే మధ్యాహ్నానికే మీకు ఓపిక అయిపోతుంది, వాళ్లకు మోజు తీరిపోతుంది. కాసేపు తోచకుండా కూర్చున్నా కంగారు పడకండి. ఆ ఖాళీలోంచే మంచం కింద ఒక ఇల్లు, ఆరేసిన దుప్పటి చాటున ఒక దుకాణం పుట్టుకొస్తాయి.

బండ మీద చాక్‌పీస్ గీత

ఆ మొదటి గంటకు అష్టాచెమ్మ కంటే మంచి ఆట దొరకదు. నేల మీద చాక్‌పీస్‌తో ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్లు గీయండి. నాలుగు వైపులా నడిమి గడిలో, మొత్తం మధ్య గడిలో అడ్డగీతలు కొట్టండి. అడ్డగీతలున్న గడిలో ఉన్న కాయను ఎవరూ చంపకూడదు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. గాజుముక్కలొద్దు. ఒకరికి గుండీలు చాలు. ఇంకొకరికి కందిపప్పు, మరొకరికి పల్లీలు.

గవ్వలు లేకపోతే చింతగింజలున్నాయి. నాలుగు గింజలు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక పక్క గరుకు బండ మీద అరగదీయాలి. పైనున్న నల్ల పొట్టు పోయి తెల్లటి పప్పు కనబడేదాకా ఓపిగ్గా రుద్దాలి. ఈ పని పిల్లలకే అప్పజెప్పండి, అర్ధగంట చప్పుడుండదు. గింజలు వేసినప్పుడు తెల్లవి ఎన్ని పైకి పడితే అన్ని గళ్లు నడవాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండూ పడినవాళ్లకు మళ్లీ వేసే వంతు ఉంటుంది. ఎదుటివాళ్ల కాయను ఒక్కసారైనా చంపితే గానీ లోపలి వరుసలోకి పోనివ్వని నియమం చాలా ఇళ్లలో ఉంది. మీ ఇంటి నియమం ఏదో ఊళ్లో ఉన్న నాయనమ్మకు ఫోన్ చేసి అడిగించండి. ఆ ఫోన్‌కాల్ కూడా వాన రోజు పనే.

పదేళ్లు దాటినవాళ్లకు పులి–మేక నేర్పండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల వైపు ఆడేవాళ్లు తొందరపడితే ఓడిపోతారు, ఓపిక పడితే పులుల్ని కట్టేస్తారు. ఓడినప్పుడు ఏడ్చే పిల్లలుంటే మొదట్లో మీరు వాళ్ల జట్టులో చేరండి. గెలిపించడానికి మాత్రం దొంగాట ఆడకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఆట అయిపోగానే గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

వానను కొలవనివ్వండి

టీవీలో "ఇన్ని మిల్లీమీటర్లు" అంటుంటే పిల్లలకు అది అంకె మాత్రమే. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న గాజు గ్లాసో, స్టీలు డబ్బానో డాబా మీద, చూరు నీళ్లు, చెట్ల నీళ్లు పడని చోట పెట్టండి. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. నిలిచిన నీళ్లలో స్కేలు ముంచి చూస్తే అదే వాన లెక్క. డబ్బా వెడల్పుదైనా సన్నదైనా లోతు ఒకటే వస్తుందా అని రెండు రకాలవి పెట్టి పరీక్షించమనండి. వాతావరణ శాఖ రోజు లెక్క పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు. మీ పిల్లలూ అదే వేళకు కొలిచి క్యాలెండరులో రాసుకోవచ్చు. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది, 115.6 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

ఇప్పుడు బడి సంచిలోని ముప్పై సెంటీమీటర్ల స్కేళ్లు రెండు తీసి గోడకు ఒకదాని మీద ఒకటి నిలబెట్టించండి. ఇంకా ఐదు సెంటీమీటర్లు పైకి గీత గీయమనండి. లక్ష్మీదేవిపేటలో ఆ ఒక్క రోజు పడిన వాన అంత ఎత్తు. చిన్నవాళ్లకు నడుము దాటుతుంది. వాగు దగ్గరికి ఎందుకు పోవద్దంటున్నారో ఆ గీత చూశాక వేరే చెప్పక్కర్లేదు. పిడుగులు పడుతున్నప్పుడు మాత్రం డాబా ఎక్కనివ్వొద్దు, కొలత కాసేపు ఆగినా ఫరవాలేదు.

వంటింట్లో వంతులు

వాన పడితే మన వైపు సర్వపిండి ఉండాల్సిందే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలిపే పని పెద్ద పిల్లలది. నూనె రాసిన గిన్నె అడుగున పలుచగా ఒత్తాక వేలితో బొక్కలు పెట్టే పని చిన్నవాళ్లది. ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి, సన్నని మంట మీద ఉంచే పని మీది. మొదటిది తీశాక గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తలేం. ఆ మధ్యలో ఎవరి ముక్క ఎవరికన్న లెక్క తేల్చుకోనివ్వండి. నలుగురికి సమంగా కోయమని పెద్దవాడికి చెప్పి, ముందు తీసుకునే వంతు మిగతావాళ్లకివ్వండి. భాగాలు ఎంత నిక్కచ్చిగా వస్తాయో మీరే చూస్తారు.

కింద పిండి పడుతుంది, నూనె ఒలుకుతుంది. వంటలాగే తుడిచే పని కూడా ఆటలో భాగమని ముందే చెప్పండి. వండేదాకా వాళ్లది, తుడిచేది అమ్మది అయితే రెండో వాన రోజుకు మీరే ఫోను చేతికిచ్చేస్తారు. మరో మాట. వంటింటి వంతుల్లో మగపిల్లలకు మినహాయింపు వద్దు.

పెంబర్తి రేకు, చేర్యాల పటం

హైదరాబాద్ నుంచి ఊరికి పోతున్నప్పుడు జనగామకు ముందు దారి పక్కనే పెంబర్తి వస్తుంది. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. పనివాళ్లు రేకును లక్క మీద పరిచి, వెనక నుంచి ఉలితో కొట్టి బొమ్మ ఉబ్బెత్తుగా లేచేలా చేస్తారు. దాని చిన్న నమూనా ఇంట్లో చేయించవచ్చు. హోటల్ నుంచి కూర వచ్చిన అల్యూమినియం డబ్బా అడుగు భాగాన్ని మీరే కత్తిరించి, అంచులు కోసుకోకుండా లోపలికి మడిచి ఇవ్వండి. నాలుగు మడతలు పెట్టిన తువ్వాల మీద ఆ రేకు పరిచి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో నొక్కి నెమలినో, పేరునో గీయమనండి. తిప్పి చూస్తే గీసిందంతా పైకి లేచి ఉంటుంది. పేరు గీసినవాళ్లకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. సరిగ్గా రావాలంటే ఎట్లా గీయాలో వాళ్లనే ఆలోచించనివ్వండి.

జనగామ నుంచి ఇంకో దారిన పోతే చేర్యాల. అక్కడి నకాశీ చిత్రకారులు చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, పటం మీద పటంగా కథ మొత్తం గీస్తారు. పొడుగ్గా చుట్టిన ఆ గుడ్డను కొద్దికొద్దిగా విప్పుతూ కులపురాణాలు చెప్పేవాళ్లు ఊరూరా తిరిగేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు వాళ్లలో ఒకరు. మీ ఇంట్లో పాత క్యాలెండర్ కాగితాలు ఉంటాయి కదా. వెనకవైపు పైకి వచ్చేలా ఒకదాని కింద ఒకటి అంటించి, రెండు చివర్లా కర్రలకు చుట్టండి. ఒక్కో కాగితం ఒక్కో పటం. కథ ఏదైనా కావచ్చు. తాత ఊరు విడిచి పట్నం వచ్చిన కథ గీయమనండి. మొదటి బస్సు, మొదటి కిరాయి గది, మొదటి జీతం. పొద్దుమూకి పటం విప్పుతూ కథ చెప్పించండి. తెలియని చోట తాతకు ఫోన్ చేస్తారు, తాత ఊరుకుంటాడా, మూడు పటాలకు సరిపడా చెప్తాడు.

కథలకు కరువు లేదు

కథ చెప్పడం రాదనే తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ ఊరి చుట్టూ ఉన్నన్ని కథలు మరెక్కడా లేవు. లింగాల ఘనపూర్ మండలంలోనే జీడికల్ ఉంది, మాయలేడి వెంట రాముడు వచ్చిన చోటని చెప్పుకుంటారు. ఖిలాషాపూర్‌లో కోట ఉంది, అక్కణ్నుంచి బయలుదేరి 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన సర్వాయి పాపన్న ఉన్నాడు. పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది, భాగవతం తెలుగు చేసిన పోతన ఊరది. గజేంద్రుడి కథ మీరు పద్యంలో చెప్పలేకపోతే మాటల్లో చెప్పండి. మొసలి పట్టిన చోట ఆపి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. సమాధానం వచ్చేదాకా ముందుకు పోవద్దు.

బయటికి పోదామంటే

వాన సన్నగా ఉండి, హెచ్చరికలేవీ లేని రోజైతే ఉప్పల్ వైపు వాళ్లకు మెట్రో ఉంది. అమీర్‌పేటలో మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే బిర్లా సైన్స్ మ్యూజియం దగ్గర. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు గోదావరి లోయలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. సినిమాల్లో చూసినలాంటి డైనోసార్ మన తెలంగాణలోనూ దొరికిందంటే పిల్లల కళ్లు విచ్చుకుంటాయి. పరేడ్ గ్రౌండ్‌లో మారి ఎంజీబీఎస్‌కు పోతే సాలార్‌జంగ్ మ్యూజియం చేరువ. అక్కడి గడియారంలోంచి గంట గంటకూ చిన్న మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. కొన్ని నిమిషాల ముందే చేరుకోండి. శుక్రవారం సెలవు. మూసీకి వరద ఉన్నప్పుడు మాత్రం ఆ వైపు వద్దు. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండు లోపలికే నీళ్లొచ్చాయి.

ఫోను సంగతి

ఫోను పూర్తిగా బంద్ పెట్టమని చెప్పను, అది అయ్యే పని కాదు. పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పే లెక్క గుర్తుంచుకోండి. రెండేళ్లలోపు వాళ్లకు అసలు వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంట మించకూడదు, అదీ పెద్దల కళ్లముందు. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. వాన రోజు ఫోను వేళను మధ్యాహ్నం భోజనం తర్వాతకు పెట్టండి. పొద్దున్నే మొదలైతే ఆ తర్వాత చింతగింజలకు విలువుండదు. వేళ ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. మీ చేతిలోది కూడా అదే వేళకు పక్కన పెట్టండి.

వానైనా డ్యూటీకి పోక తప్పని తల్లిదండ్రులు చాలామంది. వాళ్లు బాధపడాల్సిన పని లేదు. రాత్రే ఒక బిస్కెట్ డబ్బాలో చాక్‌పీసులు, చింతగింజలు, గుండీలు, పాత క్యాలెండర్, రంగులు, స్కేలు వేసి ఉంచండి. స్విచ్‌బోర్డు తడిసి ఉంటే ముట్టుకోవద్దని, పొయ్యి వెలిగించొద్దని గట్టిగా చెప్పండి. పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి. పెద్ద పిల్లకో పెద్ద పిల్లాడికో ఆ పూట ఆట నడిపించే పెత్తనం ఇవ్వండి. సాయంత్రం తడిసి ఇంటికొచ్చాక, టీ తాగుతూ అర్ధగంట వాళ్లు చేసినవన్నీ చూడండి. ఎవరు గెలిచారో అడగండి, ఒక ఆట మీరూ వేయండి. ఆ అర్ధగంట ఉందని తెలిస్తే పిల్లలు పగలంతా దానికోసం ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉంటారు.