డాకింగ్ స్టేషను – వెలుగని రెండవ తెర

లాప్‌టాప్‌నకు ఒక్కటే తీగను తగిలించి, ఆ తీగ చివరనున్న చిన్న పెట్టె ద్వారా రెండు మూడు పెద్ద తెరలను, కీబోర్డును, మౌసును, ఇంటర్నెట్ కేబులును ఒకేసారి వాడుకొనుట నేడు కళాశాలలలోను, కార్యాలయములలోను, ఇండ్లలోను సామాన్యమైనది. ఈ పెట్టెకే డాకింగ్ స్టేషను అని పేరు. వాడుకలో డాక్ అందురు. ఒక తెరపై ఉర్దూ పుటను, మరొక తెరపై తెలుగు పుటను తెరచి సరిచూచుకొను మా వంటి ద్విభాషా సంచికల వారికి ఇది ఎంత సౌకర్యమో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే రెండు తెరలలో ఒకటి వెలిగి రెండవది నల్లగా ఉండిపోవుట, రెండింటిలోను ఒకే బొమ్మ కనబడుట, ఉన్నట్టుండి తెర ఆరి మరల వెలుగుట కూడ అంతే సామాన్యములు. అట్టి వేళ పలువురు డాక్ చెడినదని నిశ్చయించి క్రొత్తది కొందురు. క్రొత్తదియు అట్లే ప్రవర్తించును. మంచి డాక్ వెల తక్కువది కాదు. ఆ సొమ్ముతో ఒక విద్యార్థి తన సెమిస్టరు పుస్తకములను కొనుక్కొనవచ్చును. కావున కొనుటకు ముందు కారణమును తెలిసికొందము.

తెరపై బొమ్మ కదలక నిలిచియున్నట్లు కనబడినను, లాప్‌టాప్ దానిని సాధారణముగా సెకనుకు 60 పర్యాయములు పంపుచునే యుండును. 1920 × 1080 చుక్కల తెరను ఉదాహరణగా తీసికొందము. వరుసల నడుమను, బొమ్మల నడుమను విడువవలసిన విరామములను కలిపినచో అది 2200 × 1125 చుక్కలగును. దీనిని 60తో గుణించిన సెకనుకు 14 కోట్ల 85 లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు కావలెను. అనగా ఈ ఒక్క తెరకే సెకనుకు సుమారు 356 కోట్ల బిట్లు ప్రవహింపవలెను. 2560 × 1440 చుక్కల తెరకైనచో సుమారు 580 కోట్లు.

ఇక ఆ ప్రవాహమును మోయు తీగ సంగతి. 2014లో వెలువడిన యు.ఎస్.బి. టైప్-సి ప్రమాణములో అతివేగపు జంట తీగలు నాలుగు కలవు. సామాన్యమైన డాక్‌లలో వీటిలో రెండు జంటలు బొమ్మలకును, తక్కిన రెండు యు.ఎస్.బి. సమాచారమునకును కేటాయింపబడును. ఒకే తీగపై పలు తెరల బొమ్మలను కలిపి పంపు ఎం.ఎస్.టి. అను పద్ధతి 2010 నాటి డిస్‌ప్లేపోర్టు 1.2 ప్రమాణముతో వచ్చినది. ఆ ప్రమాణము ప్రకారము ఒక్కొక్క జంటపై సెకనుకు 540 కోట్ల బిట్ల వరకు పోగలవు. కాని ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపుట అందలి నియమము. కావున అయిదింట నాలుగు వంతులే మనకు దక్కును. రెండు జంటలకు కలిపి 864 కోట్లు. లాప్‌టాప్ ఎంత వేగవంతమైనదైనను ఈ హద్దు మారదు.

మా కంప్యూటరు ప్రయోగశాలలో ఒక డాక్‌పై 1080 వరుసల మానిటర్లు రెండు చాలకాలము చక్కగా పనిచేసినవి. లెక్క చూడుడు: రెండింటికి 712 కోట్లు, ఉన్నది 864. పిదప ఒకదాని స్థానమున 1440 వరుసల మానిటరును ఉంచగా, క్రొత్తది వెలిగినది, పాతది ఆరిపోయినది. పాత మానిటరు కాలము తీరినదని కొందరు, డాక్ కాలినదని కొందరు అనిరి. దుకాణదారు మరింత ఖరీదైన డాక్‌ను చూపెను. నిజమునకు దేనికిని ఏమియు కాలేదు. కావలసినది 936 కోట్లు, ఉన్నది 864. ఖరీదైన డాక్ 1.4 ప్రమాణమునకు చెందినది. అందులో జంటకు 810 కోట్లు కలవు, రెండు జంటలపై నికరముగా 1296 కోట్లు దక్కును. కాని తీగకు రెండు కొనలు కలవు. ఆ లాప్‌టాప్ 1.2 ప్రమాణమునకు చెందినది. ఇరువురిలో నెమ్మదిగా నడచువాని వేగమే ఇరువురి వేగమగును. కావున ఆ కొనుగోలు వ్యర్థమే అయి యుండెడిది. పాత మానిటరును డాక్ నుండి తీసి, లాప్‌టాప్ ప్రక్కనున్న హెచ్.డి.ఎం.ఐ. పోర్టునకు తగిలించినంతనే రెండు తెరలును వెలిగినవి. ఆ పోర్టు దారి వేరు; డాక్ లెక్కలోనికి రాదు. అట్టి పోర్టు లేనివారు పెద్ద తెర చుక్కల సంఖ్యను సెట్టింగులలో తగ్గించి చూడవచ్చును, అక్షరముల నునుపు కొంత తగ్గినను.

లెక్క సరిపోయియు తెర వెలుగనిచో, భౌతికశాస్త్ర ప్రయోగములో వలె ఒకసారికి ఒక్క వస్తువునే మార్చి చూడవలెను. రెండు మానిటర్ల కేబుళ్లను తారుమారు చేయుడు. లోపము కేబులుతో వెళ్లినచో కేబులు, మానిటరుతోనే నిలిచినచో మానిటరు, డాక్ మీది రంధ్రమునే అంటియున్నచో ఆ రంధ్రము దోషి. అన్నిటిని ఒక్కసారిగా ఊడదీసి తగిలించువారికి తెర వెలిగినను కారణము తెలియదు. మరునాడు మరల అదే అవస్థ.

కేబుళ్లలో రెండు మోసములు కలవు. ఫోనుతో వచ్చు టైప్-సి కేబులు అనేక పర్యాయములు విద్యుత్తును మాత్రమే చక్కగా మోయును. దానితో లాప్‌టాప్ చార్జి అగును గాని బొమ్మ రాదు. రెండవది, డిస్‌ప్లేపోర్టు నుండి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చు కేబులు సాధారణముగా ఏకముఖము. దానిని తిరగవేసి తగిలించిన పనిచేయదు. లాప్‌టాప్‌లోని ప్రతి టైప్-సి పోర్టును బొమ్మలను పంపదనియు గుర్తుంచుకొనవలెను. ఒకే యంత్రమునకున్న రెండు పోర్టులలో ఒకటి మాత్రమే పంపవచ్చును.

ప్రతి మానిటరును తాను ఎన్ని చుక్కలు చూపగలదో తెలుపు చిన్న చీటీ వంటి సమాచారమును లాప్‌టాప్‌నకు అందించును. దీనిని ఇ.డి.ఐ.డి. అందురు. నిద్రావస్థ నుండి లేచునపుడు ఈ చీటీ అందనిచో లాప్‌టాప్ దృష్టిలో ఆ మానిటరు లేనట్లే. అపుడు డాక్‌నకును మానిటర్లకును విద్యుత్తును పూర్తిగా తొలగించి, అర నిమిషము ఆగి, మొదట డాక్‌ను, పిదప మానిటర్లను, చివర లాప్‌టాప్‌ను కలుపుట మంచిది.

రెండు తెరలపై ఒకే బొమ్మ కనబడుట వేరు సంగతి. విండోస్‌లో విండోస్ మీటను, 'పి' మీటను కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ అనుదానిని ఎన్నుకొనిన చాలును. ఆపిల్ మాక్‌బుక్‌లు మాత్రము ఎం.ఎస్.టి. పద్ధతిలో వేరువేరు బొమ్మలను పంపవు. ఎన్ని మీటలు నొక్కినను ఫలము లేదు. వారికి థండర్‌బోల్ట్ డాక్ గాని, బొమ్మను కుదించి యు.ఎస్.బి. సమాచారముగా పంపు డిస్‌ప్లేలింక్ డాక్ గాని అవసరము. ఈ రెండవ రకమునకు ప్రత్యేక సాఫ్ట్‌వేరు ఉండవలెను. కీబోర్డు, మౌసు పనిచేయుచు తెరలు మాత్రము నల్లగా నున్నచో మొదట ఆ సాఫ్ట్‌వేరునే అనుమానింపవలెను.

తెరలు వెలిగిన పిదప సెట్టింగులలో కనబడు 1, 2 అను గడులను బల్లపైనున్న వరుసలోనే అమర్చుకొనవలెను. లేనిచో మౌసు బాణము కుడి అంచున గోడకు తగిలినట్లు ఆగిపోవును; రెండవ తెరకు వెళ్లుటకు ఎడమకు జరుపవలసి వచ్చును. ఉర్దూ పుటను దిద్దుచు ఎడమకు పోవు అలవాటున్న మా సంపాదకులలో ఒకరికి ఆ తలక్రిందుల అమరికయే నచ్చినది, దానిని మార్చనీయలేదు.