వేసవి బట్టకు మూడు పరీక్షలు

వేసవి ప్రవేశించగానే మన ఇండ్లలో మజ్జిగ, సబ్జా నీళ్ళు, వట్టివేళ్ళు వేసిన కుండనీరు సిద్ధమవుతాయి. పగలంతా చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే బట్ట విషయంలో మాత్రం రంగు, ధర చూసి ఊరుకుంటాము. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి సుమారు రెండు వేలమంది వడగాడ్పులకు బలి అయ్యారు. అటువంటి ఎండలో శరీరానికి గల ప్రధాన రక్షణ చెమట. ఆ చెమట తన పని చేయగలదా లేదా అన్నది చాలావరకు మీద ఉన్న బట్టను బట్టి ఉంటుంది.

చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. అది ఆవిరి కావలెను. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకొనిపోతుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న ఎనిమిది లీటర్ల నీటిని మరిగించడానికి ఇంచుమించు ఇంత వేడి పడుతుంది. అదే చెమట బొట్లు బొట్లుగా నేల రాలితే నీరు, ఉప్పు నష్టపోవడమే తప్ప లాభం లేదు. కనుక వేసవి బట్ట చెమటను పీల్చుకోవలెను, ఆవిరిని బయటకు పోనీయవలెను, తాను త్వరగా ఆరవలెను. మొదటి పని చక్కగా చేసే బట్ట మూడవ పని చేయకపోవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

భావమిశ్రుడు భావప్రకాశంలో దినచర్యను వివరిస్తూ చలికాలానికి పట్టు, ఉన్ని వస్త్రములను, ఎండకాలానికి కాషాయ వస్త్రమును, వర్షాకాలానికి తెల్లని వస్త్రమును చెప్పాడు. ఎండకాలపు బట్ట తేలికగా ఉండవలెనని కూడా అన్నాడు. రంగును అందరూ గుర్తుంచుకొన్నారు గాని, నా దృష్టిలో ఆ తేలికదనమే ముఖ్యమైనది.

నేటి ప్రయోగశాలలలో చెమట పట్టే పలకతో బట్టలను పరీక్షిస్తారు. 1993లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది. సన్నని రంధ్రాలు గల పలకను 35 డిగ్రీల వద్ద ఉంచి, అడుగు నుండి నీరందిస్తూ, పైన బట్ట పరచి, ఆ వేడి నిలపడానికి ఎంత విద్యుత్తు పట్టినదో కొలుస్తారు. ఆవిరిని ధారాళంగా పోనిచ్చే బట్టకు ఎక్కువ విద్యుత్తు పడుతుంది. గృహస్థునికి అంత సరంజామా అక్కరలేదు. మందు చుక్కల గొట్టం, స్టీలు గ్లాసు, గ్రాములు చూపే వంటింటి తూకం చాలును.

నేను ఐదు రకాలు తీసుకొన్నాను: పాత మల్లు పంచె, ముతక ఖద్దరు, పాలియెస్టరు చీర, బడిపిల్లల టెరికాటన్ చొక్కా, ఆటలకు వేసుకొనే పాలియెస్టరు బనియను. కొత్త బట్టలో నేతగంజి ఉంటుంది గనుక అన్నింటినీ ముందుగా ఉతికి ఆరవేయవలెను.

మొదటిది చుక్క పరీక్ష. బట్టను గ్లాసు మూతికి బిగించి ఒక్క నీటిచుక్క వేయవలెను. మల్లుపై చుక్క పడీ పడగానే ఇంకి విస్తరించినది. పాలియెస్టరు చీరపై ముత్యంలా నిలిచినది. విశేషమేమనగా, అదే మల్లు పంచెకు చిక్కగా గంజి పెట్టి చూస్తే చుక్క కొంతసేపు తటపటాయించినది. గంజి పొర నూలుపోగును కప్పివేస్తుంది. అయినా గంజిబట్ట ఒంటికి అతుక్కోక ఎడంగా నిలిచి గాలికి దారి ఇస్తుంది. అందుచేత పలుచని గంజిని నేను తప్పుపట్టను. ఉతుకు చివర వాడే మెత్తదనపు ద్రవాలు మాత్రం పోగుపై జిడ్డుపొర వేసి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. తువ్వాళ్ళకు, బనియన్లకు అవి వద్దు.

రెండవది ఆవిరి పరీక్ష. గ్లాసులో వేడినీరు పోసి, మూతికి బట్ట బిగించి, అంగుళం ఎత్తున చల్లని పళ్ళెం పట్టవలెను. పళ్ళెం ఎంత త్వరగా మసకబారితే ఆవిరికి అంత దారి ఉన్నట్లు. ఇక్కడ పోగు జాతి కంటె నేత బిగువు ప్రధానం. దట్టంగా నేసిన నూలు కూడా వెనుకబడుతుంది.

మూడవది ఆరుదల. మూరెడు ముక్కలను తడిపి, పిండి, తూచి, నీడలో ఆరవేసి, గంటకొకసారి తూచవలెను. ముతక ఖద్దరు అన్నిటికన్న ఎక్కువ నీరు పట్టి, అన్నిటికన్న ఆఖరున ఆరినది. ఆటల బనియను ముందుగా ఆరినది. పాలియెస్టరు పోగు తనలోనికి తేమను దాదాపు తీసుకోదు. ఈ బనియన్లలో పోగుల నడుమ సన్నని కాలువల వంటి దారులు ఉండుటచే చెమట పైకి ప్రాకి ఆరుతుంది. పరుగెత్తే కుర్రవానికి అది మంచిదే, కాని దుర్వాసనను గట్టిగా పట్టుకొంటుంది.

ఊరిని బట్టి కూడా ఫలితం మారుతుంది. మచిలీపట్నం వంటి సముద్రతీరంలో గాలియే తేమతో నిండి ఉంటుంది. అక్కడ ముతక నూలు తడిసి వీపుకు అతుక్కొని పగలంతా ఆరదు. పలుచని, వదులైన నేత కావలెను. కర్నూలు, అనంతపురముల పొడి ఎండలో గాలి వేడి 40 డిగ్రీలు దాటి చర్మపు వేడిని మించుతుంది. అప్పుడు ఒళ్ళు ఎంత బయటపెడితే అంత వేడి లోనికి వస్తుంది. పొలం పోయే రైతు తలపాగా, నిండు చేతుల వదులు చొక్కా అక్కడ సరైన వేషం.

చెమటకాయలతో నా వద్దకు తెచ్చే పిల్లలలో చందనం, వేపాకు నీరు అన్నీ వాడినా తగ్గనివారు కొందరుంటారు. స్వేదవహ స్రోతస్సుల మొగలు మూసుకొనిపోయి చెమట చర్మంలోనే నిలిచినప్పుడు పైపూత ఒక్కటే ఏమి చేయగలదు? మొదట మెడ, నడుము వద్ద బిగువును, లోపలి నైలాను అస్తరును తీయించి, పాత మల్లు జుబ్బా తొడిగిస్తాను. గజ్జలలో తామర మళ్ళీ మళ్ళీ వచ్చే పెద్దలకు లోదుస్తులు వదులుగా, నూలువిగా ఉండవలెననీ, తడిసినవి వెంటనే మార్చవలెననీ చెబుతాను. చికిత్స వేరుగా జరుగవలసినదే. ఎండలో తిరిగిన మనిషి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం బట్టలు వదులు చేసి, నీళ్ళతో తడిపి విసురుతూ, ఆసుపత్రికి చేర్చవలెను.

చంటిబిడ్డలకు జరీ, నైలాను లేసు గౌన్లు వేడుక సమయానికే పరిమితం చేయవలెను. లోపల పలుచని నూలు జుబ్బా తొడిగి, గంటకొకసారి మెడ వెనుక చేయిపెట్టి చూడవలెను. అక్కడ చెమ్మ తగిలితే ఫొటోలు అయినా కాకున్నా గౌను తీసివేయవలెను.