హాస్టల్ ప్రైవేటుదైతే అద్దె మాటేమిటి?

ప్రశ్న: మా అమ్మాయికి మచిలీపట్నం కృష్ణా విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. రోజూ వెళ్లి రాలేదు. ప్రైవేటు భాగస్వామ్యంతో హాస్టళ్లు కడితే మాలాంటివాళ్లం అద్దె కట్టగలమా?
– ఒక తల్లి, పెనుగంచిప్రోలు

జవాబు: అమ్మా, అంతా ఒప్పందంలో ఉంటుంది. సాధారణంగా స్థలం విశ్వవిద్యాలయానిదే. కంపెనీ కట్టి, గడువుదాకా నడిపి, అద్దె వసూలు చేసుకుని, తిరిగి అప్పగిస్తుంది. పెట్టుబడంతా అద్దెలోంచే రాబట్టాలంటే మీలాంటి కుటుంబాల బిడ్డకు ఆ గది అందదు. సొంతంగా గిట్టుబాటు కాని ప్రాజెక్టులకు సాయమిచ్చే లోటు భర్తీ నిధి పథకాన్ని 2020లో కేంద్రం సవరించి, విద్య వంటి సామాజిక రంగాలకు ప్రత్యేక సాయం ప్రకటించింది. ఆ సవరణ ప్రకారం అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో కేంద్రం 30 శాతం దాకా, రాష్ట్రం మరో 30 శాతం దాకా ఇచ్చే వీలు కల్పించారు. ప్రజల సొమ్ము అంత తీసుకుంటే అద్దెకు పరిమితి పెట్టి తీరాలి. గదులు నిండకపోతే నష్టమెవరిదో కూడా ముందే తేల్చాలి. గదులు నిండుతాయని విశ్వవిద్యాలయం హామీ ఇచ్చి ఉంటే ఆ భారం చివరకు పిల్లల ఫీజుల్లోకే వస్తుంది. అద్దె సంగతి ఎలా ఉన్నా, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ మాత్రం విశ్వవిద్యాలయం మనిషే కావాలి.